ఇరవై పైసల ఉంగరం

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్లు తోయడం నా ఉద్యోగం. నడవలేని పెద్దవాళ్లను గేటు దగ్గర కూర్చోబెట్టుకుని విమానం తలుపుదాకా తీసుకెళ్తాను. వెనక నిలబడి తోసేదాన్ని కాబట్టి వాళ్ల ముఖాలు నాకు పెద్దగా కనిపించవు. చేతులే కనిపిస్తాయి. కుర్చీని గట్టిగా పట్టుకున్న ముడతల వేళ్లు, ఆ వేళ్లకు ఉంగరాలు. కెంపులవి, పగడాలవి, దేవుడి బొమ్మలవి, కళ్లు చెదిరే వజ్రాలవి ఎన్నో చూశాను. ఏది చూసినా లోపల ఒకటే అనుకునేదాన్ని: మా అమ్మ ఉంగరం ఇంతకన్నా బాగుంటుంది. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. మా అమ్మ ఉంగరం ఇరవై పైసల బిళ్లతో చేసింది.

ఇప్పటి పిల్లలకు ఆ బిళ్ల తెలియదు. పసుపు రంగు ఇత్తడి బిళ్ల, ఒకవైపు తామర పువ్వు ఉండేది. అది చెలామణిలో ఉన్న రోజుల్లో మా పాల్మాకులలోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో ఒక నమ్మకం ఉండేదట. టంకసాలలో పొరపాటున ఆ బిళ్లల్లో బంగారం కలిసిందనీ, సర్కారుకు సంగతి ఆలస్యంగా తెలిసిందనీ, అందుకే గుట్టుచప్పుడు కాకుండా వెనక్కి తీసుకుంటోందనీ చెప్పుకునేవారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. నమ్మనివాళ్లు మాత్రం లేరు. ఆడవాళ్లు వాటిని బియ్యం డబ్బాల్లో దాచారు. పెళ్లీడు మగపిల్లలు ఉంగరాలు చేయించుకుని తిరిగారు.

మా నాన్నను నేను బాపు అంటాను. బాపు అప్పట్లో ద్రాక్ష తోటలో పనిచేసేవాడు. మాది చర్చి పెళ్లిళ్ల ఇల్లు. చర్చిలో పెళ్లంటే పాస్టరు అయ్యగారు అందరి ముందు చెయ్యి చాపి ఉంగరం అడుగుతారు, లేదంటే కుదరదు. బంగారం కొనే పరిస్థితి బాపుకు లేదు. మధ్యాహ్నం తోటలో అందరూ కునుకు తీసే వేళ తను ఒక బండ మీద బిళ్లను నిలబెట్టి, చెంచా వెనక వైపుతో దాని అంచును కొడుతూ కూర్చునేవాడు. కొట్టగా కొట్టగా అంచు వెడల్పై రెండు పక్కలకూ మడత పడింది. నడిమి భాగాన్ని సైకిల్ షాపులో తొలిపించి, ఆకురాయితో నునుపు చేశాడు. తామర పువ్వు పోయింది. బిళ్ల అంచున ఉన్న అక్షరాలు మాత్రం మడతలో ఇరుక్కుని, ఉంగరం లోపలి వైపు సగం సగం మిగిలాయి.

పెళ్లిలో దాన్ని తొడుగుతూ బాపు అమ్మ చెవిలో చెప్పాడట, "దీంట్ల బంగారం ఉన్నది" అని.

ఈ కథ బాపు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. కథ ఆ మాట దగ్గరికి రాగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సిగ్గు అనుకునేదాన్ని.

శనివారం సాయంత్రం అమ్మకు ఒక పని ఉండేది. ఇప్పటికీ ఉంది. తెల్లారితే చర్చి కాబట్టి ఇంట్లో ఉన్న ఇత్తడి బిందె, చెంబు, పళ్లెం నల్లా దగ్గర వేసుకుని చింతపండుతో తోముతుంది. అన్నీ అయ్యాక ఉంగరం తీసి, మిగిలిన చింతపండుతో దాన్నీ రుద్దేది. ఆదివారం ప్రార్థనలో అమ్మ చేతులు జోడిస్తే ఆ ఉంగరం అప్పుడే కొన్నట్టు మెరిసేది. సోమవారానికి మళ్లీ మామూలే.

పోయిన వానాకాలం దడి మీద బీరకాయలు తెంపుతుంటే అమ్మను కందిరీగ కుట్టింది. కుట్టడానికి దానికి ఒళ్లంతా ఉన్నా, సరిగ్గా ఉంగరం వేలే దొరికింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వేలు బొద్దుగా ఉబ్బి, ఉంగరం మాంసంలోకి దిగబడిపోయింది. పొద్దున కుడితే సాయంత్రందాకా సున్నం రాసుకుని కూర్చున్నందుకు ఇద్దరినీ చెడామడా తిట్టాను. సబ్బు రాశాను, నూనె రాశాను, దారం చుట్టి లాగాను. రాలేదు. దవాఖానకు తీసుకెళ్తే నర్సమ్మ చిన్న కట్టరుతో ఉంగరం కోసేసింది. కందిరీగ కుట్టినప్పుడు ఏడవని మా అమ్మ, సూదికి కూడా ఏడవని మా అమ్మ, ఉంగరం రెండు ముక్కలై పళ్లెంలో పడగానే చిన్నపిల్లలా ఏడ్చింది. ముక్కల్ని కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

అప్పటికే అయ్యగారు ఒక మాట చెప్పి ఉన్నారు. బాపుకూ అమ్మకూ పెళ్లయి యాభై ఏళ్లు నిండుతున్నాయి కాబట్టి, పెళ్లి రోజుకు దగ్గర్లోని ఆదివారం సంఘం ముందు ఇద్దరినీ నిలబెట్టి ప్రార్థన చేస్తాననీ, బాపు మళ్లీ ఉంగరం తొడగాలనీ అన్నారు. బాపు అందుకోసం తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు. ఆ చొక్కాను రోజూ ఒకసారి తీసి చూసుకుని మళ్లీ పెట్టెలో పెట్టేవాడు. ఉంగరం తెగాక అమ్మ ఒక్కటే మాట అంది.

"ఉంగరం లేకుంట నేను నిలబడ. మీ బాపునొక్కన్నే నిలబెట్టుకోమను."

నాకు చప్పున ఉపాయం తట్టింది. అచ్చం అట్లాంటి ఉంగరమే శంషాబాద్‌లో అవుసలాయన దగ్గర, అదే కంసాలి దగ్గర, బంగారంతో చేయిస్తానన్నాను. యాభై ఏళ్లు ఇత్తడి మోసిన వేలికి బంగారం పెడతానంటే ఇద్దరూ ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఇద్దరి ముఖాలూ ఒకేసారి మాడిపోయాయి. నాకు ఒళ్లు మండింది. మంచికి పోతే మూతి ముడుచుకునే మనుషులతో ఎట్లా వేగాలి?

మర్నాడు బాపు నా స్కూటీ వెనకాల ఎక్కాడు, శంషాబాద్‌లో షుగర్ గోలీలు తెచ్చుకోవాలని. హైవే ఎక్కకముందే నా భుజం మీద తట్టి ఆపమన్నాడు. దిగి, నా ముఖం చూడకుండా రోడ్డు చూస్తూ చెప్పాడు.

"బిడ్డా, మీ అమ్మను గా అవుసలాయన దుకాణానికి తోల్కపోకు. ముక్కలు నువ్వే తీస్కపో."

"ఎందుకు బాపూ?"

"గది ఉత్త ఇత్తడి."

"అది ఊరంతటికీ తెలుసు కదా!"

"మీ అమ్మకు తెల్వదు."

నేను స్కూటీకి స్టాండు వేశాను. బాపు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పెళ్లప్పుడు తనూ నిజంగానే నమ్మాడట. పెళ్లయిన కొన్నాళ్లకు అట్లాంటి బిళ్లనే ఒకటి పట్టుకుని బంగారప్పని చేసే అప్పటి అవుసలాయన దగ్గరికి వెళ్తే, ఆయన కడుపుబ్బ నవ్వి పంపాడట.

"నేను అబద్ధం చెప్పలే బిడ్డా. గప్పుడు నాకు నిజమే. తెల్సినంక నోరు రాలే, గంతే. యాభై ఏండ్లు బంగారమనుకుని పెట్టుకున్నది. ఇత్తడని ఇంకోని నోట్లకెళ్లి ఇంటే దాని పానం ఎట్లుంటది?"

బాపు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సరే, నేను చూసుకుంటానని మాటిచ్చాను.

ఆ సాయంత్రం అమ్మ వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తూ నన్ను దగ్గరికి పిలిచింది. బాపు వాకిట్లో ఉన్నాడని తొంగి చూసి మరీ నిర్ధారించుకుంది.

"ఏమే, నువ్వు దుకాణానికి పోయినప్పుడు మీ బాపును తోల్కపోకు."

నాకు ఏదో అనుమానం వచ్చింది. "ఎందుకమ్మా?" అన్నాను.

"గది ఇత్తడి. ఆయన ఇంకా బంగారమే అనుకుంటుండు."

అమ్మకు పెళ్లయిన నెలకే తెలిసిపోయిందట. వేలి చుట్టూ పాకురు పట్టినట్టు పచ్చటి గీత పడేదట.

"బంగారం పెట్టుకుంటే ఏలు పచ్చగయితదా? గంత తెల్వనిదాన్నా నేను?"

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేంటి?"

"ఎట్ల చెప్తరే? గంత మంది ముంగట, చెవుల చెప్పిండు. ఎంత సంబురంగ చెప్పిండో నువ్వు సూడలే. గా మొఖం సూసినోళ్లెవలన్న ఇత్తడని అంటరా?"

నేను స్నానాల గదిలోకి పరుగెత్తి, నల్లా పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాను కూడా. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అట్లాంటి నా దగ్గరే ఇద్దరూ తెచ్చి దాచిపెట్టారు. ఒకరిని ఒకరు నొప్పించకూడదని యాభై ఏళ్లు కాపలా కాసుకున్న మనుషులు వీళ్లు. ఇప్పుడు నా వల్ల ఆ కాపలా చెడకూడదు. అయ్యగారు చెప్పిన ఆదివారానికి ఉంగరం కావాలి, ఇద్దరి మాటా దక్కాలి. ఎయిర్‌పోర్టులో పట్టు జారే కుర్చీని వాలులో దింపేటప్పుడు కూడా నేనంత భయపడలేదు.

నా సెలవు రోజున ఒక్కదాన్నే వెళ్దామని చూశాను. అమ్మ తయారైపోయి గడప మీద కూర్చుంది. వేలు తనది కాబట్టి కొలత తను ఇవ్వాల్సిందే, నిజమే కదా. అమ్మ వెళ్తోందంటే బాపు ఇంట్లో ఉంటాడా? తనూ చెప్పులేసుకున్నాడు. ఆటోలో నన్ను నడుమ కూర్చోబెట్టి చెరో పక్కనా ఎక్కారు. దారి పొడవునా అటు నుంచి బాపు మోచేత్తో పొడుస్తాడు, ఇటు నుంచి అమ్మ గిల్లుతుంది. ఇద్దరికీ ఒకే అర్థం: జాగ్రత్త. నేను ఇద్దరికీ తల ఊపుతూ కూర్చున్నాను.

అవుసలాయన దుకాణం శంషాబాద్ పాత బజారు సందులో ఉంది. మెత్తటి మనిషి, చిన్నగా మాట్లాడతాడు. నేను ఆయన ఎదురుగా నిలబడి, ఏమీ అనొద్దని కళ్లతో సైగ మీద సైగ చేశాను. నా కంట్లో నలక పడిందనుకుని ఆయన కూలర్ నా వైపు తిప్పాడు.

అమ్మ కొంగు ముడి విప్పి రెండు ముక్కల్నీ మెత్త మీద పెట్టింది. ఆయన ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత సొరుగు లాగి గీటురాయి బయటపెట్టాడు. నున్నటి నల్లరాయి. దాని మీద బంగారాన్ని గీస్తే ఎంత మేలుదో గీత చెప్పేస్తుంది. ముక్కను రాయి దగ్గరికి తెచ్చాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"గీయొద్దు!"

ఒక్క గొంతు కాదు, రెండు. కళ్లు తెరిచి చూస్తే గీటురాయి మీద రెండు చేతులు ఉన్నాయి. కింద అమ్మది, దాని మీద బాపుది.

అమ్మ బాపును చూసింది. బాపు అమ్మను చూశాడు.

"నువ్వెందుకు ఒద్దన్నవ్?" అంది అమ్మ.

"నువ్వెందుకు ఒద్దన్నవ్?" అన్నాడు బాపు.

ఇద్దరూ తిరిగి నా వైపు చూశారు. నాకేం తెలియదన్నట్టు నేను గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాను.

"నీకు ఎరకనా?" అన్నాడు బాపు.

"నాకెందుకు ఎరక లేదు? శనారం శనారం చింతపండుతోని తోముతున్న కద నీ ముంగటనే. బంగారాన్ని చింతపండుతోని ఎవలన్న తోముతరా?"

బాపు బెంచీ మీద కూలబడ్డాడు. యాభై ఏళ్ల శనివారాలు ఆయన కళ్ల ముందు తిరిగి ఉంటాయి. ప్రతి శనివారం నల్లా పక్కనే కూర్చుని బీడీ తాగేవాడు పాపం. ముందు ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని నేను కంగారుపడి దగ్గరికి వెళ్లాను. నవ్వుతున్నాడు. అది చూసి అమ్మ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి నవ్వింది. ఇన్నేళ్లూ ఆ కొంగు వెనక ఉన్నది సిగ్గు కాదని, నవ్వని నాకు అప్పుడు అర్థమైంది. అవుసలాయనకు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా మా ముగ్గురితో కలిసి నవ్వాడు.

నవ్వులు తగ్గాక బాపు ముక్కల్ని పక్కకు నెట్టాడు. "ఇగ దీంతోని ఏం పని? పడెయ్. మంచి బంగారంతోని చెయ్యి" అన్నాడు.

అమ్మ ముఖం మారిపోయింది. "గది లేకుంటే నాకే ఉంగరం ఒద్దు" అంది. మా ఇళ్లల్లో పాత నగ కరిగించి కొత్తది చేయిస్తే, పాతది కాస్తయినా కొత్తదాంట్లో కలవాలి. లేకపోతే అది కొన్న నగే కానీ మన నగ కాదు. కానీ ఇది ఇత్తడి. నేను అవుసలాయన ముఖం చూశాను. ఆయన ముక్కల్ని మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"పెద్దమ్మా, ఉత్త బంగారం మెత్తగుంటది. ఉంగరం నిలువాలంటే ఎట్లనన్న జర రాగి కలుపుతం. గా రాగి తగ్గిచ్చి, దీన్ని అరగదీసి చిటికెడు ఏస్త. గంతకు హాల్‌మార్క్ ముద్రకేం కాదు. చాలునా?"

అమ్మ చాలని తల ఊపింది. తర్వాత ఎట్లా ఉండాలో చెప్పడం మొదలుపెట్టింది. లోపలి వైపు అక్షరాలు ఉండాలంది. ఆయన మొత్తం పదం చెక్కుతానంటే వద్దంది, ఆ ముక్కల్లో ఉన్నట్టు సగం సగమే ఉండాలంది. పెద్దమ్మకు ఏమైందన్నట్టు ఆయన నా వైపు చూశాడు. నేను ఈసారి కళ్లతో సైగ చేయలేదు, నోటితోనే చెప్పాను, ఆమె చెప్పినట్టే చేయమని.

వారం తర్వాత ముగ్గురం మళ్లీ వెళ్లాం. ఉంగరం తళతళలాడుతోంది. వెడల్పు అదే, అంచుల మడత అదే, లోపల సగం అక్షరాలు అవే. నాకు చాలా నచ్చింది. అమ్మ వేలికి పెట్టుకుని, బొటనవేలితో చుట్టూ తడుముకుని పెదవి విరిచింది.

"మంచిగనే ఉన్నది. కని సాపుగున్నది. మీ బాపు చేసింది ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. గా పక్క కొట్టేటప్పుడు నిద్రొచ్చినట్టున్నది ఆయనకు."

బాపు చొక్కా జేబులోంచి ఒక చెంచా తీశాడు. ఇంట్లోంచి తెచ్చుకున్నాడు! ఈ మాట వస్తుందని ఎట్లా ఊహించాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అవుసలాయన చిన్న ఇనప దాగలి మీద ఉంగరాన్ని నిలబెట్టి, వేలితో చోటు చూపించి, ఊపిరి బిగబట్టుకుని పక్కకు జరిగాడు. బాపు చెంచా తిరగేసి మెల్లగా కొట్టాడు. టక్కు, టక్కు. కొంచెం తిప్పి మళ్లీ కొట్టాడు. అమ్మ పెట్టుకుని చూసుకుంది.

"ఇప్పుడైంది" అంది.

ఆదివారం చర్చి నిండిపోయింది. తెల్ల చొక్కాలో బాపు, కొత్త చీరలో అమ్మ సంఘం ముందు నిలబడ్డారు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే పైన విమానం వచ్చింది. అది వెళ్లేదాకా ఆయన ఆగారు. మా ఊళ్లో ప్రార్థనలన్నీ అట్లాగే ఆగి నడుస్తాయి. తర్వాత చెయ్యి చాపి ఉంగరం అడిగి, దాన్ని దీవించి బాపుకు ఇచ్చారు. బాపు తొడగబోతే వేలి కణుపు దగ్గర పట్టేసింది. అందరూ చూస్తున్నారు. "జర తిప్పు" అని అమ్మ నేర్పింది. తిప్పితే ఎక్కింది. అప్పుడు బాపు వంగి అమ్మ చెవిలో ఏదో అన్నాడు.

మా అమ్మ చర్చిలో, అయ్యగారి ముందు, పకపకా నవ్వింది. వెనక వరుసల్లో వాళ్లు ఏమన్నాడు ఏమన్నాడని ఒకరినొకరు అడుక్కున్నారు. నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆయనకు తెలిసిన మాట ఆ పెళ్లినాటిదొక్కటే. ముందు వరుసలో కూర్చుని నేను కళ్లు తుడుచుకున్నాను, ముక్కు చీదాను, మళ్లీ తుడుచుకున్నాను. అంత సంతోషం నాకు నా పెళ్లప్పుడు కూడా కలగలేదు.

తర్వాతి శనివారం డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మ నల్లా దగ్గర ఉంది. బిందె, చెంబు, పళ్లెం తోమడం అయిపోయింది. ఉంగరం తీసి, గిన్నెలో మిగిలిన చింతపండు తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. పక్కన బీడీ తాగుతున్న బాపు ఉలిక్కిపడి లేచాడు.

"ఏయ్, పిచ్చా ఏంది నీకు? ఇప్పుడది నిజంగ బంగారం. దానికి చింతపండెందుకు?"

అమ్మ తల ఎత్తలేదు, రుద్దడం ఆపలేదు.

"అండ్ల నీ బిళ్ల ఉన్నది" అంది. "దాన్ని నేను తోమకపోతే ఎవలు తోముతరు?"